డయాలసిస్ లేని మంగళవారం

థెరపిస్టుగా నేను జవాబులిచ్చే ఈ పేజీలకు ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే సంగతి మీద ఉన్నాయి. నాలుగింటి వెనకా భార్యనో భర్తనో పోగొట్టుకున్న మనిషే ఉన్నారు. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకు ఉంచి, ఈసారి పేజీలన్నీ వీటికే ఇచ్చాను. ఎవరి పేర్లూ వేయలేదు. ఊరి పేరుకు బదులు దగ్గరి పట్టణం పేరు రాశాను. మొదటి ఉత్తరం రాసిన ఆమెతో మాత్రం పత్రిక అచ్చయ్యేదాకా ఆగకుండా ఫోన్లో మాట్లాడాను. అలాంటి పరిస్థితి ఇంకో ఇంట్లోనూ ఉండొచ్చని, ఆమె సరేనన్నాక ఇక్కడ ఇస్తున్నాను.

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. రామచంద్రపురం దగ్గర ఊళ్లో ఒక్కరే ఉంటారు. నేను విశాఖలో ఉంటాను. అమ్మ పోయి పద్నాలుగు నెలలైంది. నాన్నగారు అమ్మ చీర ఒకటి మంచం మీద పరుచుకుని పడుకుంటారు. ఒక్క పూటే తింటున్నారు. బీపీ మాత్రలు మానేశారని పక్కింటి పిన్నిగారు చెప్పేదాకా నాకు తెలియదు. ఎప్పుడు ఫోన్ చేసినా ‘నన్నెందుకు ఉంచాడో ఆ దేవుడు’ అంటారు. చావు, బతుక్కి అర్థం లాంటి ప్రశ్నలను మాటల్లో తరచి చూసే ఎగ్జిస్టెన్షియల్ థెరపీ గురించి చదివాను. నాన్నగారికి అది ఇప్పించాలా?

జవాబు: ముందు డాక్టరు, తర్వాతే థెరపీ. చీర పరుచుకుని పడుకోవడం చూసి మీరు కంగారు పడకండి. అది జబ్బు కాదు, ఆ చీర తీసేయకండి కూడా. నాకు టెన్షన్ పెట్టింది మిగతా మూడూ: తిండి తగ్గడం, మాత్రలు మానేయడం, రోజూ ఆ ఒక్క మాటే అనడం.

జీవిత భాగస్వామి పోయాక మిగిలిన మనిషి ఒంటికి కూడా ప్రమాదమే. కోలిన్ ముర్రే పార్క్స్ అనే బ్రిటిష్ సైకియాట్రిస్టు, ఆయన సహచరులు 55 ఏళ్లు దాటి భార్యను పోగొట్టుకున్న 4,486 మంది మగవాళ్ల వివరాలు చూసి 1969లో ప్రచురించారు. మొదటి ఆరు నెలల్లో వాళ్లలో మరణాలు, అదే వయసులో భార్య ఉన్నవాళ్లకంటే 40 శాతం ఎక్కువ. అన్నిటికంటే ఎక్కువగా పెరిగింది గుండెజబ్బుల మరణాలే. మీ నాన్నగారు ఆ ఆరు నెలలూ దాటారు, కానీ మాత్రలు మానేశారు కాబట్టి ఈ వారమే బీపీ చూపించండి.

రెండోది, దుఃఖం ఎంతకాలం ఉంటే వైద్యుడి అవసరం ఉంటుందన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఆరు నెలలు దాటి, అమెరికా సైకియాట్రిస్టుల 2022 నాటి లెక్కలో ఏడాది దాటి, రోజూ మనిషిని పని చేసుకోనివ్వనంత తీవ్రంగా ఉంటే దాన్ని దీర్ఘకాల దుఃఖ రుగ్మత అంటున్నారు. మీ నాన్నగారికి అదో, డిప్రెషనో, రెండూనో సైకియాట్రిస్టు చూసి చెప్పాలి. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది.

మూడోది ఇవాళే చేయాల్సింది. ‘నాన్నా, చచ్చిపోవాలని అనిపిస్తోందా? ఏమైనా చేసుకోవాలని అనుకుంటున్నారా?’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన వస్తుందేమోనని భయపడకండి, రాదు. చాలామందికి ఆ ప్రశ్న అడిగినవాళ్లే ఉండరు. ఇంట్లోనో పాకలోనో పురుగుమందు డబ్బాలుంటే వేరే ఇంటికి పంపించేయండి. మాత్రలు పక్కింటి పిన్నిగారి దగ్గర ఉంచి ఏ పూటవి ఆ పూట ఇప్పించండి. ‘అవును, అనుకుంటున్నాను’ అంటే ఆయన్ని ఒంటరిగా ఉంచకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. 14416 టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు. రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. ఆయన తిండి, నిద్ర కుదుటపడ్డాక ‘నన్నెందుకు ఉంచాడు’ అనే ప్రశ్నను మళ్లీ తీసుకుందాం. దానికి జవాబు వెతకడం అప్పుడు ఆయనకు చేతనవుతుంది.

ప్రశ్న: నా వయసు 63 అండి. ముమ్మిడివరం దగ్గర రెండెకరాల కొబ్బరి తోట, కాస్త వరి ఉన్నాయి. కిడ్నీలు పాడై మా ఆవిడ మూడేళ్లు డయాలసిస్ మీద ఉంది. మంగళవారం, శుక్రవారం తెల్లారుజామున నాలుగింటికి లేచి, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని అమలాపురం తీసుకెళ్లేవాణ్ణి. ఆవిడ మిషన్ మీద ఉన్న నాలుగు గంటలూ నేను బయట బల్ల మీద కూర్చునేవాణ్ణి. పోయి ఎనిమిది నెలలైంది. ఇప్పటికీ ఆ రెండు రోజులూ నాలుగింటికి మెలకువ వచ్చేస్తుంది. ఎక్కడికీ వెళ్లక్కర్లేదని గుర్తొస్తుంది. అప్పుడు మొట్టమొదట కలిగేది హాయండి. ఆ వెంటనే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లంతా ‘ముత్తైదువుగా దాటిపోయింది, అదృష్టవంతురాలు’ అంటారు. వింటే ఒళ్లు మండిపోతుంది. దింపు తీయించిన రోజు కాయ ఎంత వచ్చిందో లోపలికెళ్లి ఆవిడకి చెప్పడం నాకు అలవాటు. ఇప్పుడు చెప్పడానికి మనిషి లేక, అసలు దింపు జరిగినట్టే ఉండట్లేదు. మా మేనల్లుడు ఈ ఎగ్జిస్టెన్షియల్ థెరపీ గురించి చెప్పాడు. దుఃఖానికి ఐదు దశలుంటాయని, అవి దాటితే తగ్గిపోతుందనీ అన్నాడు. నేను ఏ దశలో ఉన్నానో తెలియట్లేదు. మా అబ్బాయి బెంగళూరు వచ్చేయమంటున్నాడు. నాలాంటివాడికి ఈ థెరపీ పనికొస్తుందా?

జవాబు: ముందు ఆ హాయి గురించి మాట్లాడుకుందాం. మిగతావన్నీ రాసేసి, దాన్ని మధ్యలో ఇరికించి పంపారు గానీ, ఈ ఉత్తరం మీరు రాసింది దానికోసమే అనిపించింది నాకు.

వారానికి రెండుసార్లు చొప్పున మూడేళ్లంటే మూడొందల సార్లకు పైమాటే. దారి, బల్ల, ఫ్లాస్కు మాత్రమే రాశారు మీరు. రాయనివి నాకు తెలుసు. ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చెయ్యి నిద్రలో నలగకుండా చూసుకోవడం, దాహమంటున్న మనిషికి నీళ్లు కొలిచి ఇవ్వడం. పొటాషియం పెరుగుతుందని డయాలసిస్ వాళ్లకు కొబ్బరి నీళ్లు వద్దంటారు. కొబ్బరి తోటలో ఉంటూ ఆవిడకు ఒక్క బొండం కొట్టి ఇవ్వలేదు మీరు. ఆ కాపలా కూడా మీదే. నాలుగింటికి మెలకువ వచ్చినప్పుడు కలిగే హాయి ఆ కాపలా ముగిసినందుకు. ఆవిడ పోయినందుకు కాదు. రెండూ ఒకే రోజున జరిగాయి గనుక మీకు ఒకటిగా కనిపిస్తున్నాయి. ఏళ్ల తరబడి మంచంలో ఉన్న మనిషికి సేవ చేసినవాళ్లు నా దగ్గరికి వస్తే, ఈ మాట దాదాపు ప్రతివాళ్లూ తలుపు దగ్గరికి వెళ్లి, వెనక్కి తిరిగి చెబుతారు.

ఐదు దశల సంగతి వదిలేయండి. ఎలిసబెత్ కూబ్లర్-రాస్ అనే సైకియాట్రిస్టు 1969లో వాటి గురించి రాసింది, చావు దగ్గరపడిన రోగులతో మాట్లాడి. మిగిలిపోయినవాళ్లకు తర్వాత అంటించారు. అందరూ వరసగా దాటే మెట్లేమీ లేవు. మీరు ఏ దశలోనూ తప్పిపోలేదు.

ఇక థెరపీ. దీని వేర్లు యూరప్‌లో ఉన్నాయి. బిన్స్వాంగర్, బాస్ అనే స్విస్ వైద్యులు, వియన్నాలో విక్టర్ ఫ్రాంకల్, తర్వాత అమెరికాలో రోలో మే, ఇర్విన్ యాలమ్ దీన్ని పెంచారు. మనిషి బాధల్లో కొన్ని జబ్బు వల్ల రావు, మనిషిగా పుట్టినందుకే వస్తాయి అన్నది వీళ్లందరి మూలమాట. యాలమ్ 1980లో అలాంటివి నాలుగు చెప్పాడు: చావు, స్వేచ్ఛ, ఒంటరితనం, అర్థం లేకపోవడం. పేర్లు పెద్దవి గానీ, నాలుగూ మీ ఉత్తరంలోనే ఉన్నాయి. దింపు జరిగినట్టే లేదన్నారే, అదే ఆయన చెప్పిన ఒంటరితనం. ఇంటినిండా బంధువులున్నా అది పోదు. మీ కాయల లెక్క వినడానికి అబ్బాయి ఉన్నాడు, మేనల్లుడు ఉన్నాడు. కానీ కిందటి దింపు ఎంతో, ఏ చెట్టుకు నల్లి పట్టిందో, ఆ డబ్బు దేనికని అనుకున్నారో తెలిసిన చెవులు వేరు. ఆ చెవులతో పాటు, ఆవిడకు తెలిసిన మీరు కూడా కొంత పోయారు. అందుకే ‘మనసు మళ్లించుకో’ అనే సలహా మీకు పనిచేయలేదు.

‘ముత్తైదువుగా పోయింది’ అన్న మాట మీకెందుకు మంట పుట్టిస్తుందో చాలాసేపు ఆలోచించాను. ఫ్రాంకల్ దగ్గరికి ఒక ముసలి డాక్టరు వచ్చాడు. భార్య పోయి రెండేళ్లైనా కోలుకోలేదు. ఫ్రాంకల్ ఆయనకు సలహా ఏమీ ఇవ్వలేదు. ‘మీరే ముందు పోయి ఉంటే ఆవిడ పరిస్థితి ఏమయ్యేది?’ అని అడిగాడు. ‘అయ్యో, ఎంత బాధపడేదో’ అన్నాడు డాక్టరు. ఆ బాధ ఆవిడకు తప్పింది, తప్పించినందుకు మీరు బతికి, ఏడ్చి, దాని ఖరీదు చెల్లిస్తున్నారు అన్నాడు ఫ్రాంకల్. డాక్టరు మరో మాట లేకుండా చెయ్యి కలిపి వెళ్లిపోయాడు. ఈ ఫ్రాంకల్ ఊరికే మాటలు చెప్పే మనిషి కాదు. నాజీల క్యాంపుల్లో తల్లిని, తండ్రిని, అన్నదమ్ముణ్ణి, భార్యను పోగొట్టుకున్నాడు. భార్య బెర్గెన్-బెల్సెన్ క్యాంపులో పోయిన సంగతి విడుదలయ్యాకే ఆయనకు తెలిసింది.

చూడండి, మీ ఇంటికొచ్చిన పెద్దవాళ్లు అన్నదీ దాదాపు అదే. ఆవిడ ఏడవాల్సిన ఏడుపు ఆవిడకు తప్పిందనే వాళ్ల ఉద్దేశం. అయినా ఆ డాక్టరుకు ఊరటనిచ్చింది మీకు మంట పుట్టించింది. ఎందుకంటే ఫ్రాంకల్ అడిగాడు, జవాబు డాక్టరు నోటి నుంచి వచ్చింది. మీ ఇంట్లో ఎవరూ మిమ్మల్ని అడగలేదు. గుమ్మంలోనే జవాబు చేతిలో పెట్టి, మీ నోరు మూయించి, కాఫీ తాగి వెళ్లిపోయారు. ఈ థెరపీ అంతా ఆ తేడాలోనే ఉందని నా నమ్మకం. ఆవిడ చావుకు, మీ బతుక్కి అర్థం మీ బదులు ఇంకెవరూ చెప్పలేరు, థెరపిస్టు కూడా. కనుక ఫ్రాంకల్ అడిగిన ప్రశ్నను నేను మీకు ఇవ్వను. ఏదో ఒక మంగళవారం మీకే తట్టవచ్చు. ‘నేను ముందు పోయి ఉంటే తనను అమలాపురం ఎవరు తీసుకెళ్లేవారు’ అని. తట్టకపోయినా లోటేమీ లేదు.

పనికొస్తుందా అని అడిగారు. వస్తుంది. చదువుకున్న పట్నంవాళ్లకే ఇది అనుకోకండి. నా గదికి వచ్చే మీ ఈడు మగవాళ్లు మొదట అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో కాయ ధర ఎంతుందో చెబుతారు, అక్కణ్ణించే అసలు సంగతికి వస్తారు. మీరొస్తే నేను ఆ రెండు ఉదయాల గురించి అడుగుతాను. మెలకువ రాగానే చెయ్యి ఎటు వెళుతుంది? కాఫీ ఇప్పుడు ఎవరు కలుపుతున్నారు? ఆ బల్ల మీద మీ పక్కన కూర్చున్న వాళ్లెవరు, వాళ్ల మనుషులు ఇంకా మిషన్ మీద ఉన్నారా? తొందరపెట్టకుండా, దిద్దకుండా అదంతా చెప్పించుకోవడమే సగం పని. మిగతా సగం, ఖాళీ అయిన ఆ రెండు రోజుల్ని ఏం చేసుకోవాలో మీరు తేల్చుకోవడం. యాలమ్ స్వేచ్ఛ అన్నది దీన్నే, అది భయపెడుతుంది కూడా. కొందరు ఆ డయాలసిస్ వార్డుకే మళ్లీ వెళతారు, వేరేవాళ్లకు తోడుగా. కొందరు ఆ రోడ్డు వైపే వెళ్లలేరు. రెండూ సరైనవే.

బెంగళూరు మాట. వెళ్లండి, కానీ తోట కౌలుకిచ్చేసి మాత్రం కాదు. ఒక దింపుకీ ఇంకో దింపుకీ మధ్య వెళ్లి రండి. సంవత్సరీకం ఇంకో నాలుగు నెలల్లో ఉంది. అది మీ ఇంట్లో, మీ చేతుల మీద జరిగాక ఈ విషయం మళ్లీ చూసుకోవచ్చు.

ప్రశ్న: నాకు 44. మాది నరసాపురం దగ్గర. రెండేళ్ల కిందట నా భర్త గుండెపోటుతో రొయ్యల చెరువు గట్టు మీదే పోయారు. చెరువు లీజుది. మేత కొట్లో బాకీ ఎంతుందో పెద్ద కర్మ రోజున కొట్టు ఆయన చెబితే తెలిసింది నాకు. ఏరేటర్ కొన్నా, అప్పు చేసినా ఏనాడూ నాతో అనలేదు. ఇప్పుడు చెరువు నేనే చూసుకుంటున్నాను. కిందటి రొయ్యల పట్టుబడికి బాకీ చాలావరకు తీర్చేశాను. ఆ రాత్రి సంతోషం వేసింది, వెంటనే ఆయన మీద చెప్పలేనంత కోపం వచ్చింది, ఆ తర్వాత పోయినవాళ్ల మీద కోపమేంటని ఏడ్చాను. బొట్టు పెట్టుకోమని మా అమ్మాయి, వద్దని మా అత్తగారు. పేరంటాలకు ఎలాగూ పిలవరు. నేను ఎవరి మాట వినాలి మేడమ్?

జవాబు: అమ్మా, పోయిన మనిషి మీద కోపం రావడం ప్రేమ లేకపోవడం కాదు. ఆయనతో మీ మాటలు సగంలో ఆగిపోయాయి. ‘ఎందుకు చెప్పలేదు నాకు?’ అని అడగడానికి మనిషి లేడు. థెరపీలో మేము ఒక ఖాళీ కుర్చీ వేసి, పోయిన మనిషి అందులో ఉన్నట్టు అనుకుని ఆ ప్రశ్న గట్టిగా అడిగించిన సందర్భాలున్నాయి. మీరు చెరువు గట్టు మీద అడగండి. తిట్టాలనిపిస్తే తిట్టండి. ఆ కోపంలో నిజం ఉంది: మిమ్మల్ని లెక్కలకు దూరంగా ఉంచారు, ఆ లెక్కే మీ మీద పడింది.

ఆ రాత్రి వేసిన సంతోషాన్ని మాత్రం తీసేసుకోకండి. యాలమ్ అని పైన చెప్పిన అమెరికా థెరపిస్టు, మోర్టన్ లీబర్‌మన్ అనే పరిశోధకుడితో కలిసి కాలిఫోర్నియాలో భార్యనో భర్తనో పోగొట్టుకున్నవాళ్లను గ్రూపులుగా కూర్చోబెట్టి పరిశీలించాడు. కోలుకోవడమంటే పాత మనిషిగా తిరిగి రావడమే అని అప్పటిదాకా అందరూ అనుకునేవారు. వాళ్లలో కొందరు పాత చోటికి రాలేదు, కొత్త మనుషులయ్యారు. అంతకుముందు తమకు తెలియని తమను చూసుకున్నారు. ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. 1992లో వాళ్లు ప్రచురించిన ఫలితాల్లో గ్రూపు వల్ల వచ్చిన మేలు ఓ మోస్తరే. చాలామంది గ్రూపు లేకుండానే కాలక్రమాన నిలదొక్కుకుంటారు. మీరు నిలదొక్కుకుంటున్నారని మీ ఉత్తరమే చెబుతోంది. థెరపీకి రావాలని నేను మిమ్మల్ని బలవంతపెట్టను. ఒక్క పని చేయండి. మీ చుట్టుపక్కల చెరువులు చూసుకునే ఇంకో ఒంటరి ఆడమనిషి తప్పకుండా ఉంటుంది. ఆమెతో వారానికోసారి మాట్లాడండి.

బొట్టు విషయం. మీకు అమ్మాయి మాటా వద్దు, అత్తగారి మాటా వద్దు, నా మాటా వద్దు. నా భర్త పోయాక నేను బొట్టు తీయలేదు. పదో రోజున గదిలో కూర్చోబెట్టిన ఆడవాళ్లకు ‘నేను తీయను’ అని చెప్పాను. వాళ్లలో ఒకావిడ చాలాకాలం నాతో మాట్లాడలేదు. అది నా నిర్ణయం, దాని ఖరీదు నేను చెల్లించాను. మీ ఊళ్లో ఆ ఖరీదు ఎంతో మీకే తెలుసు. పెట్టుకోకుండా ఉంటేనే ఆయనకు దగ్గరగా ఉన్నట్టు అనిపిస్తే, అదీ మీ ఇష్టమే. తేడా ఒక్కటే చూసుకోండి: తీసేసింది మీరా, తీయించింది వాళ్లా?

మీ అత్తగారితో కూడా నెమ్మదిగా ఉండండి. ఆవిడకు పోయింది కొడుకు. పైగా ఆవిడ పెరిగిన రోజుల్లో మరో దారి ఉందని ఆవిడకు ఎవరూ చెప్పి ఉండరు. రాజమహేంద్రవరంలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. బహిష్కరణ వల్ల వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు రాకపోతే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరి నుంచి నీళ్లు మోసి వంటలు చేశారు. అంత జరిగిన గోదావరి ఒడ్డునే, ఇన్నేళ్లకు కూడా మిమ్మల్ని పేరంటానికి పిలవరంటే నాకు చాలా కోపంగా ఉంది. ఇది చదువుతున్న మిగతా ఆడవాళ్లకు చెబుతున్నాను: వచ్చే శ్రావణ మాసంలో మీ వీధిలో అలాంటి ఆమెను స్వయంగా వెళ్లి పిలవండి. రావాలో వద్దో ఆమె చూసుకుంటుంది.

ప్రశ్న: ఈ థెరపీ తెలుగులో చేసేవాళ్లను ఎలా పట్టుకోవాలి? ఎన్నిసార్లు వెళ్లాలి? (పాలకొల్లు)

జవాబు: మన దగ్గర ఎగ్జిస్టెన్షియల్ థెరపిస్టు అని విడిగా లైసెన్సు ఉండదు. బోర్డు మీద ఆ మాట వెతకకండి. క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉందా అని అడగండి. ఉంటే నంబరు చెబుతారు. రెండో ప్రశ్న, ఆప్తులు పోయిన దుఃఖంతో వచ్చేవాళ్లను చూస్తుంటారా అని. మొదటి రోజు మీరు ఎక్కువ మాట్లాడారా, వాళ్లు ఎక్కువ మాట్లాడారా గమనించండి. గంటలో ముప్పావు గంట వాళ్లే మాట్లాడి, ‘పాజిటివ్‌గా ఉండండి’ అని పంపిస్తే ఇంకొకరిని చూసుకోండి. పోయినవారి పేరు అడిగారా అన్నది కూడా చూడండి.

ఇన్నిసార్లని ముందే చెప్పలేం. కొందరికి నాలుగైదుసార్లు చాలు, కొందరు ఏడాది వస్తారు. ప్రయాణం కష్టమైతే వీడియో కాల్‌లోనూ బాగానే జరుగుతుంది, కానీ ఇంట్లో ఎవరూ వినని గది ఉండాలి. చాలామంది తోటలోకి వెళ్లి మాట్లాడుతున్నారు. సిగ్నల్ అందే చోటు ముందే చూసుకుని, ఫోన్‌కి ఛార్జింగ్ పెట్టుకుని వెళ్లండి.